పాలక్క కొడుకు ఫోటో

మా ఇంటికి పాలు పోసే ఆమెను మేం పాలక్క అనేవాళ్లం. ఒకరోజు పొద్దున ఆమె పాలచెంబు లేకుండా వచ్చింది. మా గడప పక్కన కూర్చుని, కొంగుతో ముఖం తుడుచుకుని, "చెల్లె, మీ డబ్బలల్ల ఏడన్న నా కొడుకు మొకం ఉన్నదా?" అని అడిగింది.

అప్పటికి తెల్లదొరల పెద్ద యుద్ధం ముగిసింది. యుద్ధం పనికని లారీలెక్కి వెళ్లినవాళ్లలో కొందరు తిరిగొచ్చారు. ఆమె కొడుకు రాలేదు. సికింద్రాబాదులో మిలిటరీ ఆఫీసుకు పోయి అడిగితే, మనిషిని గుర్తుపట్టడానికి ఫోటో తెమ్మన్నారట. ఫోటో అనే మాట వింటేనే ఇంతెత్తున లేచే మనిషి, ఆ ఫోటో కోసమే మా గడపలో కూర్చుంది. ఆమె అడిగిన ఫోటో మా మంచం కింద పెట్టెలో ఉంది. ఉన్నా ఆమెకు పనికొచ్చేలా లేదు.

ఎందుకు లేదో చెప్పాలంటే ముందు మా ఇంటి సంగతి చెప్పాలి.

మా ఆయన పత్రికలకు ఫోటోలు తీసేవాడు. పుట్టింది నేతపని ఇంట్లో. మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చోమంటే ఆయన వల్ల కాలేదు. తిరగడం కావాలి ఆయనకు. ఎవరి దగ్గరో పని నేర్చుకుని, ఒక పాత మడత కెమెరా సంపాదించి, నన్ను తీసుకొచ్చి అమీర్‌పేటలో ఒక పెంకుటింట్లో దింపాడు. ఇప్పుడు అమీర్‌పేట అంటే కోచింగ్ సెంటర్ల బోర్డులు తప్ప ఆకాశం కనబడదు గానీ, అప్పుడు మా ఇంటి వెనక జొన్న చేను ఉండేది. పంజాగుట్ట నిజంగానే గుట్ట. పొద్దంతా అక్కడ రాళ్లు కొట్టే చప్పుడు మా వాకిట్లోకి వినబడేది.

మాకున్నవి రెండు గదులు. వంటగదే ఆయన చీకటి గది. కిటికీకి నల్ల గొంగడి కట్టి, తలుపు సందుల్లో గుడ్డలు కుక్కి, నా పొయ్యి పక్కనే గిన్నెల్లో మందులు కలిపేవాడు. ఫోటోలకు అద్దం ప్లేట్లు వాడే రోజులవి. వేసవి వచ్చిందంటే ఆ ప్లేట్లతో నరకం. నీళ్లు వెచ్చగా ఉంటే అద్దం మీది పూత మెత్తబడి పాలమీగడలా జారిపోతుంది. దాంతోపాటే బొమ్మ కూడా పోతుంది. అందుకని మా తాగే నీళ్ల రంజన్ మీద పడేవాడు. నేను పొద్దున్నే బావి నుంచి మోసుకొచ్చి చల్లబెట్టుకున్న నీళ్లు ఎవరో పెద్దమనిషి దండలు వేయించుకున్న ఫోటో కడగడానికి పోయేవి. "మేము దూపకు సచ్చినా మంచిదే, ఆ దండలు మాత్రం సల్లగుండాలె" అని నేను సాధించేదాన్ని. ఆయన నీళ్లలో పటిక ముక్క తిప్పుతూ ఉండిపోయేవాడు. పటిక వేస్తే పూత గట్టిపడుతుంది.

నా పని టచింగ్. అద్దం ప్లేటును కిటికీ వెలుతురుకు నిలబెట్టి, సూదిలా చెక్కిన పెన్సిలుతో ముఖాల మీది మచ్చలు పూడ్చడం. అది ఆయనే నేర్పాడు. రెండేళ్లు తిరక్కుండా ఆయన కంటే నా చెయ్యే మేలైంది. ఆ రోజుల్లో స్ఫోటకం సోకని ఇల్లు ఉండేది కాదు. పెళ్లిసంబంధాలకు పంపే ఫోటోల్లో ఆ మచ్చలన్నీ నా పెన్సిలుతోనే మాయమయ్యేవి. ఎంతమంది పెళ్లికొడుకులు తెర తీశాక నన్ను తిట్టుకున్నారో. మా ఇల్లు గడిచింది ఆ పెళ్లి ఫోటోలతోనే. అయినా పత్రిక కోసం తీసిన ప్లేటు మీద పెన్సిలు పెట్టబోతే మాత్రం ఆయన ఒప్పుకునేవాడు కాదు.

"నీ పెన్సిలు పెండ్లిపిల్లల కాడ పెట్టుకో. గిది ఎట్లున్నదో అట్లనే ఉండాలె" అనేవాడు.

ఆయనకు నచ్చి తీసేవి వేరే. పంజాగుట్ట మీద రాళ్లు కొట్టేవాళ్లు, బియ్యం దుకాణం ముందు పొద్దుటినుంచి నిలబడ్డ ఆడవాళ్లు, బిందె మీద బిందె పెట్టుకుని పోయే పిల్లలు. పత్రికకు కావలసినవి దండలు, దర్బారులు. ఒక్కో ఫోటోకు అచ్చు వేయడానికి లోహపు బ్లాకు చేయించాలి కాబట్టి వారానికి ఏదో ఒకటి వేసేవాళ్లు, అందులో రాళ్లు కొట్టేవాళ్లకు చోటేదీ? తిరిగొచ్చిన ప్లేట్లన్నీ కాగితాల్లో చుట్టి మంచం కింద పేర్చుకునేవాడు. ఇక పోలీసుల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఒక జవాను ఆపి, లోపలేముందో చూపించమని ప్లేటు పెట్టెను నడి ఎండలో తెరిపించాడు. వెలుతురు తగిలితే అంతా నల్లబడుతుందని ఈయన చెబుతూనే ఉన్నాడు. జవాను నిదానంగా చూసి, "ఇందుల ఏం లేదు కదా, పో" అన్నాడట. ఆ రోజు ఈయన అన్నం తినలేదు. నేను నవ్వాను గానీ, ఆ పూట నేనూ తినలేదు.

ఇప్పుడు పాలక్క దగ్గరికి వస్తాను.

ఆమెకు ఒక్కడే కొడుకు. చిన్నప్పుడు వాడికి అమ్మవారు పోసి, చచ్చి బతికాడు. ముఖమంతా మచ్చలు. బల్కంపేట ఎల్లమ్మ దగ్గర పూనకంలో ఉన్న ఒక శివసత్తి, "నీ కొడుకు మొకం ఎవ్వలకు అప్పజెప్పకు" అని చెప్పిందట. దిష్టి సంగతి అయి ఉంటుందని నేను అనుకుంటాను. కానీ మా ఆయన కెమెరా భుజాన వేసుకుని వీధిలోకి వచ్చాక, పాలక్కకు ఆ మాటకు అర్థం దొరికింది. ముఖాలను పట్టుకుపోయేది ఆ డబ్బానే. వాడికి గట్టిగా చెప్పి పెట్టింది, ఆ డబ్బా కనబడితే మొకానికి చెయ్యి అడ్డం పెట్టుకొమ్మని.

వాడు బుద్ధిగా పెట్టుకునేవాడు. మీసాలొచ్చిన మగపిల్లాడు, పాలు పోయడానికి వస్తే, గోడకు వేలాడుతున్న ఖాళీ కెమెరాను చూసి కూడా ఒక చేత్తో ముఖం మూసుకుని ఇంకో చేత్తో పాలు పోసేవాడు. పాలు కింద పోయేవి.

"అది గోడకున్నది గదరా, నిన్నేం జేస్తది?" అంటే, "మా అవ్వకు మాటిచ్చిన పెద్దవ్వా" అనేవాడు చేతి వెనకనుంచి. నవ్వుతున్నాడని గొంతులో తెలిసేది. నేను ఆమెకు చెల్లెనైతే వాడికి పిన్నిని కావాలి. పెద్దవ్వా అనకురా, ముసలిదాన్ని చేస్తున్నావు అని ఎన్నిసార్లు చెప్పినా వినలేదు.

ఒక ఎండాకాలం వాడు మేపడానికి తోలిన బర్రెను వదిలేసి, బేగంపేటలో విమానం దిగుతుంటే చూడ్డానికి పరుగెత్తాడు. బర్రె ఎవరి చేలోనో పడింది. కావలివాడు దాన్ని బందెలదొడ్డికి తోలాడు. పాలక్క ఇల్లు ఆ బర్రె మీదే నిలబడింది. కోపం పట్టలేక వీధిలో అందరూ వింటుండగా అరిచింది, "నా మాటిననోనివి నాకెందుకురా, యాడికన్న పో" అని. ఏ తల్లి అనదు ఆ మాట? నేను మా పిల్లల్ని రోజూ అనేదాన్ని.

వాడు పోయాడు. ఆ పొద్దున్నే పంజాగుట్ట దగ్గర యుద్ధం పనికి మనుషుల్ని ఎక్కించుకునే లారీ నిలబడి ఉంది. దూరాన ఎక్కడో రోడ్లు వేసే పని, తిండీ బట్టా వాళ్లే ఇస్తారన్నారు. ఈమె బందెలదొడ్డి దగ్గర బర్రెను విడిపించుకుంటుంటే అక్కడ లారీ కదిలిపోయింది.

ఆ లారీని మా ఆయన ఫోటో తీశాడు. ఉత్సాహంగా బయల్దేరుతున్న జనం ఫోటో ఒకటి కావాలని పత్రికవాళ్లు చెప్పారు. యుద్ధం వల్ల ప్లేట్లు దొరకడం లేదు, ఆయన చేతిలో ఒక్కటే ఉంది. లారీ నిండా మనుషులు, అందరూ ఇటే చూస్తున్నారు. కెమెరా మీటను నొక్కే వేళకు చివరన ఉన్న ఒకడు చెయ్యెత్తి ముఖం మూసుకున్నాడు.

ఇంటికొచ్చి ప్లేటు కడిగి కిటికీకి పెడితే నేనూ చూశాను. వెనక వరుసలో, ఒక ముఖం ఉండాల్సిన చోట చెయ్యి ఉంది. చిటికెన వేలు కొంచెం వంకర. గడ్డి కోస్తుంటే కొడవలి తగిలిన వేలు అది. రోజూ పాలు పోసే చెయ్యిని నేను గుర్తుపట్టనా?

పత్రిక ఆఫీసులో పెద్దాయన ఆ ఫోటో చూసి తల పట్టుకున్నాడట. ఆయన కోస్తా మనిషి, మాట మర్యాదగానే ఉంటుంది. "ఏంటండీ ఇది, ఒకడు ముఖం దాచుకుంటే బలవంతాన ఎక్కించినట్టు లేదూ? పైవాళ్లు ఊరుకుంటారా? మీ ఇంట్లోనే టచింగ్ చేసేవాళ్లున్నారు కదా, ఆ ఒక్కణ్ణి తీసేయించండి" అన్నాడు. లారీ వెనక ఎలాగూ ఆకాశమే. అది నాకు పెద్ద పని కాదు, కాస్త రంగుతో వాణ్ణి ఆకాశం చేసేయవచ్చు.

మా ఆయన ఇంటికొచ్చి నాకీ మాట చెప్పి, నేను అడక్కముందే, "నేను సూసినప్పుడు వాడు ఆడ ఉన్నడు. ఉన్నోన్ని లేడని నేనెట్లంట?" అన్నాడు. ఆ ఫోటో అచ్చుకాలేదు. ఆ తరువాత చాలాకాలం ఆ పత్రిక ఆయన్ని పిలవలేదు. ప్లేటు మంచం కిందికి చేరింది. పాలక్కకు చెబుదామంటే, చెప్పకుండా కొడుకు ఫోటో తీశాడని ఆమె ఎక్కడ గుండెలు బాదుకుంటుందోనని ఊరుకున్నాం.

అందుకే ఆ పొద్దున ఆమె గడపలో కూర్చుని అడిగితే, జవాబుకు బదులు నేను మంచినీళ్లు తెచ్చి ఇచ్చాను. మా ఆయన నన్ను లోపలికి పిలిచాడు.

"మొకం లేని ఫోటో సూపెట్టి ఇంకింత ఏడిపిద్దమా? లేదని చెప్పు" అన్నాడు.

"ఏడ్సుడో నవ్వుడో ఆమె ఇష్టం. దాసిపెట్టనీకె మనమెవ్వలం?" అన్నాను. ఆయన మంచం కింద దూరాడు.

చీకటి గదిలో వేయడానికి మంచి కాగితం లేదు. ఎండలో అచ్చు వేసే కాగితం ఒకటి ఉంది. చెక్క చట్రంలో ప్లేటు, దాని కింద ఆ కాగితం పెట్టి వాకిట్లో ఎండకు పెడితే బొమ్మ తనంతట తానే మెల్లగా తేలుతుంది. పాలక్కను పక్కనే కూర్చోబెట్టాం. మా ఆయన నడుమ నడుమ చట్రం వెనక రెక్క ఎత్తి, కాగితం అంచు తిప్పి చూపించేవాడు. నల్లటివి ముందు వస్తాయి. లారీ చక్రాలు వచ్చాయి, తలల జుట్టు వచ్చింది, తరువాత అంగీల ముడతలు. ముఖాలు ఆఖరున వస్తాయి. ఆ సంగతి తెలిసినదాన్ని కాబట్టి నేను ఆమె ముఖమే చూస్తున్నాను.

"ఏడున్నడు మరిదీ? ఇంక రాలే?" అని అడుగుతోంది.

ఒక్కొక్క ముఖమే తేలింది. ముందువరుస వాళ్లు, నడిమివాళ్లు. ఆమె వేలు ఒక్కొక్కరి మీద ఆగి, కాదనుకుని, కదిలింది. వెనక వరుస చివరకు వచ్చి నిలిచిపోయింది. మా ఆయన తల వంచుకుని, "మొకం రాలే వదినా. చెయ్యి అడ్డం పెట్టుకున్నడు" అన్నాడు.

ఆమె ఏడుస్తుందని నేను దగ్గరికి జరిగాను. ఆమె కాగితం మీదికి వంగి, వంకర వేలును తన వేలుతో తాకింది. తరువాత ఇట్లా అంది.

"నా మాటిననోనివి పో అన్న చెల్లె. అందరు ఇన్నరు. నా మీద కోపంతోని పోయిండు, అందుకే రాలేదనుకున్న. గిప్పుడు సూడు. నేను పో అన్నంక సుత నా మాట యాదికి పెట్టుకున్నడు."

అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చాను. మా ఆయన చట్రం తీసుకుని, నీళ్లు కావాలన్నట్టు లోపలికి పోయాడు.

నేను మాత్రం ఊరుకోలేకపోయాను. మిలిటరీ ఆఫీసువాళ్లకు ముఖం కావాలి. వాడి ముఖం నాకు బాగా గుర్తు. "అక్కా, నేను గీస్త. చెయ్యి తీసేసి మొకం పెడ్త. ఒక్క మచ్చ సుత ఇడిచిపెట్ట, నువ్వు పక్కన కూసొని చెప్పు" అన్నాను. జీవితమంతా మచ్చలు చెరిపినదాన్ని, ఆ ఒక్కరోజు మచ్చలు పెట్టాలని నాకు ఎంతో ఆశగా ఉండింది.

ఆమె ఆలోచించింది. నా మనసు కష్టపెట్టకూడదని ఆలోచించిందనుకుంటాను. "వద్దు చెల్లె. నువ్వు గీస్తే వాడు నీ చేతిల పిలగాడైతడు. గీడు నా మాటిన్న పిలగాడు. గా చెయ్యి వాడే తియ్యాలె."

దాంతో నా పెన్సిలు పక్కన పడింది. ఉపాయం మా ఆయనకే తట్టింది. వాడి ముఖం లేకపోయినా, వాడి పక్కన నిలబడ్డవాళ్ల ముఖాలు సాఫుగా ఉన్నాయి కదా. వాళ్లలో ఎవరైనా తిరిగొచ్చి ఉండవచ్చు. కాగితాన్ని బొమ్మ చెరగకుండా నిలిపే హైపో మందులో వేసి, కడిగి, ఆరబెట్టి ఆమె చేతికిచ్చాడు. ఆమె పాలు పోసిన ఇంటింటా అది చూపించి, "గీ పక్కనున్నోడు ఎవ్వలు?" అని అడిగింది. అమీర్‌పేట, బల్కంపేట, ఖైరతాబాదు దాకా తిరిగింది. ఆఖరుకు పంజాగుట్ట రాళ్లపని దగ్గర ఒకడు, "గీడు మా తమ్ముడే గదా" అన్నాడు. ఆ తమ్ముడు చెయ్యి పోగొట్టుకుని తిరిగొచ్చి ఇంట్లోనే ఉన్నాడు.

మేం ముగ్గురం వెళ్లాం. అతను ఫోటోలో తన రెండు చేతులనూ చూసుకున్నాడు. తరువాత పాలక్కతో నెమ్మదిగా చెప్పాడు. ఇద్దరూ చాలా దూరం వరకు కలిసే ఉన్నారు. ఒక నది ఒడ్డున పాలక్క కొడుక్కి జ్వరం వస్తే ఆసుపత్రి గుడారంలో ఉంచి, మిగతావాళ్లను ముందుకు తోలారు.

"నేను ఇడిచిపెట్టి ఒచ్చేటప్పుడు ఉన్నడక్కా. ఒక తెల్లోడు గుడారంల ఫోటోలు దీస్తుండె. గా జరంల సుత చెయ్యి అడ్డం పెట్టుకున్నడు. మేము మస్తు నవ్వినం. మా అవ్వకు మాటిచ్చిన అన్నడు."

అంతకుమించి అతనికి తెలియదు. ఇంకెవరికీ తెలియలేదు. ఆఫీసువాళ్లు జవాబు ఇవ్వలేదు. కులపెద్దలు వచ్చి, ఇంకెన్నాళ్లు, దినాలు చేసెయ్యమన్నారు. పాలక్క బర్రె పాలు పిండుతూనే జవాబు చెప్పింది, "సూసినోడు ఉన్నడన్నడు. ఉన్నోన్ని లేడని నేనెట్లంట?" అని. ఆ మాట నేను ఇదివరకే మా ఇంట్లో విన్నాను. మా ఆయన కూడా అక్కడే ఉన్నాడు.

ఆ ఏడు బోనాలకు బల్కంపేట గుడి దగ్గర జనంలో మా ఆయన కెమెరా పట్టుకుని నిలబడ్డాడు. ఎప్పుడూ ఆయన్ని చూస్తే కొంగు ముఖం మీదికి లాక్కునే పాలక్క, తలమీద బోనంతో ఎదురుగా వచ్చి నిలబడింది.

"మరిదీ, నన్ను దియ్యి" అంది. ఆయన నమ్మలేక నావైపు చూశాడు. "వాడొచ్చేసరికి నేను ముసల్దాన్నయితే గుర్తువట్టాలె గదా. మంచిగ దియ్యి, మొకం మంచిగ రావాలె."

కెమెరా వెనక కప్పుకునే నల్ల గొంగడి కింద దూరి ఆయన చాలాసేపు బయటికి రాలేదు. నేను గొంగడి అంచు పట్టుకుని నిలబడ్డాను. ఆమె రెప్ప వేయకుండా, చేతులు కిందికి వదిలేసి, వెలుతురుకు ముఖం పెట్టి నిలబడింది. ఆ ప్లేటు మీద నేను పెన్సిలు పెట్టలేదు.

వాడు రాలేదు. పాలక్క పోయినప్పుడు వాళ్లవాళ్లు మా ఇంటికి వచ్చి ఫోటో అడిగితే, ఆ బోనం ఫోటోనే ఇచ్చాను. దాన్ని గోడకు పెట్టి దండ వేశారు. మా ఆయన పోయాక ఆయన ఫోటోకూ వేశాను. మా వైపు ఫోటో గోడకెక్కిందంటే ఆ మనిషి ఇక లేడని అర్థం. లారీ ఫోటో మాత్రం ఆమె తన జొన్నల కుండలో గుడ్డలో చుట్టి దాచుకుంది. పోయేముందు దాన్ని నా చేతిలో పెట్టింది.

మొన్న మా మనవడు పాత పెట్టె సర్దుతూ దాన్ని చూశాడు. ఇంత మంచి ఫోటో తాతది, పెట్టెలో ఎందుకు, ఫ్రేము కట్టించి హాల్లో పెడదామన్నాడు. ఫోటోలో చివరివాడు ముఖానికి చెయ్యి ఎందుకు అడ్డం పెట్టుకున్నాడని అడిగాడు. వాళ్లమ్మ పెట్టుకోమంది అని చెప్పాను. ఫోటో వాడి చేతిలోంచి తీసుకుని, మళ్లీ గుడ్డలో చుట్టి, పెట్టెలో పెట్టేశాను. గోడకు మాత్రం పెట్టనివ్వలేదు.